తీతువూ, పిరోష్కా బూట్లూ

పొద్దున్నే పాలు పోసిన కాఫీ, పంది కొవ్వు రాసిన రొట్టె ముక్క, పైన నాలుగు ఉల్లిపాయ చక్రాలు. అది అయ్యాక అంబ్రూష్ మెడలో బైనాక్యులర్స్ వేసుకుని చేపల చెరువుల గట్టుకు బయల్దేరతాడు. అతని వెనక అర అడుగు దూరంలో భార్య పిరోష్కా ఆకుపచ్చ రబ్బరు బూట్లు బయల్దేరతాయి. పిరోష్కా పోయి మూడేళ్ళయింది. బూట్లు మాత్రం ఒక్కరోజూ మానలేదు.

ఊళ్ళో ఎవరికీ అదొక వింత కాదు. రొట్టెల కొట్టు ఎతెల్కాకైతే రోజూ అదే గొడవ.

"అంబ్రూష్ బాబాయ్, పిన్నిని బయటే కాళ్ళు తుడుచుకోమను. నేల ఇప్పుడే కడిగాను."

బూట్లు బుద్ధిగా గోనెపట్టా మీద బురద రుద్దుకుని లోపలికి వస్తాయి.

నలభై ఏళ్ళు ఆలుమగలిద్దరూ కలిసి పక్షుల్ని చూశారు. అతను చూసింది చెప్పేవాడు, ఆమె నోటుపుస్తకంలో రాసి కింద సంతకం పెట్టేది. ఇప్పుడు "అదిగో గద్ద" అంటే వెనక నుంచి బురద చప్పుడు తప్ప మాట లేదు. సాయంత్రం కప్పులు రెండు తీసి, ఒకటి మళ్ళీ అలమరలో పెట్టేస్తాడు. ఇల్లంతా భరించలేనంత నిశ్శబ్దంగా ఉంటుంది.

మార్చి మూడో వారంలో నీళ్ళు తీసేసిన చెరువు బురదలో తీతువులు దిగాయి. రెండు వందలుంటాయి. వాటి మధ్య ఒక్కటి వేరుగా నిలబడి ఉంది. నెత్తిన నల్ల టోపీ, కళ్ళ మీద తెల్లటి కనుబొమలు, పొట్ట కింద ఇటుక రంగు మచ్చ. ఎక్కడో ఆసియా గడ్డి మైదానాల్లో ఉండాల్సిన పిట్ట, దారి తప్పి పరాయి గుంపులో కలిసింది. దాన్ని చూడాలని అతను జీవితమంతా ఎదురుచూశాడు.

"పిరోష్కా, అదిగో!" అంటూ వెనక్కి తిరిగాడు. బూట్లు మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాయి. అతనికి ఏడుపొచ్చింది.

ఇంటికి పోయి పక్షుల సంఘం కార్యదర్శి దెజోకు ఫోన్ చేశాడు.

"ఫోటో ఉందా బాబాయ్?"

"నేను కెమెరా పట్టుకు తిరిగే రకమా?"

"పోనీ, సాక్షిగా రెండో సంతకం?"

"పిరోష్కా బూట్లు చూశాయి."

"చూసుంటాయి, నేను కాదనను. కానీ అవి సంతకం పెట్టలేవుగా! ఫోటో లేకపోతే రెండు సంతకాలుండాలని పట్టుబట్టి రూలు పెట్టించింది నువ్వే. లేదంటే 'పొరపాటు' అని రాసి పక్కన పెట్టేయాల్సిందే."

పిట్ట రేపో మాపో ఎగిరిపోతుంది. ఇన్నేళ్ళకు కనిపించింది పొరపాటు కింద పోతుంది. అంబ్రూష్ మళ్ళీ గట్టు మీదికి పోయి, చూడ్డానికి ఎవరైనా దొరుకుతారేమోనని మధ్యాహ్నందాకా తిరిగాడు. మనిషి జాడ లేదు. ఇక ఇంటిదారి పట్టబోతే బూట్లు కదల్లేదు. అటు తిరిగి, చెరువుల అవతల ఉన్న పసుపు పచ్చ ఇంటి వైపు నడిచాయి. అది విల్మా ఇల్లు.

విల్మా ఒకప్పుడు ఊళ్ళో ఉత్తరాలు పంచేది. ఆవిడకూ పక్షుల పిచ్చే. అంబ్రూష్‌తో ఆవిడ మాట్లాడి పద్దెనిమిదేళ్ళయింది. ఆ ఏడాది చలికాలం ఇద్దరూ ఇదే గట్టు మీద ఉండగా ఆవిడ మంచు గుడ్లగూబను చూసింది. రెండో సంతకం అడిగితే అంబ్రూష్, "నాకు రెక్క కొస మాత్రమే కనిపించింది. నేను పెట్టను" అన్నాడు. సంఘం వాళ్ళు ఆవిడ కాగితం మీద 'పొరపాటు' అని రాసి తిప్పి పంపారు. "రేపు వెళ్ళి క్షమాపణ అడుగు" అని పిరోష్కా చెప్పింది. పోయేదాకా చెబుతూనే ఉంది. అతను వెళ్ళలేదు.

బూట్లు కాలి కొసతో తలుపు కొట్టాయి. విల్మా తీసింది.

"రా పిరోష్కా," అంది బూట్లతో. తలెత్తి, "మీకేం కావాలి?" అంది.

తీతువు గురించి చెప్పాడు.

"ఓహో, రెండో సంతకమా! నేను రెక్క కొస కూడా చూడలేదే!"

అంబ్రూష్ బతిమాలుకోవడానికే నోరు తెరిచాడు. వచ్చిన మాట వేరు.

"ఆరోజు నేను గుడ్లగూబను చూశాను. మొహం, పసుపు కళ్ళు, అంతా చూశాను. ముందు నాకు కనిపించలేదని కడుపుమంట."

విల్మా లోపలికి వెళ్ళి, సొరుగులోంచి పసుపుబారిన ఆనాటి కాగితం తెచ్చి అతని ముందు పెట్టింది. అంబ్రూష్ సంతకం చేశాడు.

"దీనికి బదులు నేను పెడతాననుకోకండి. చూడనిదానికి నేను పెట్టను."

"పెట్టొద్దు."

అతను మెట్లు దిగాడు. వెనక చప్పుడు లేదు. తిరిగి చూస్తే బూట్లు విల్మా గుమ్మం దగ్గర, గోడవారగా, జతగా నిలబడి ఉన్నాయి.

"పద, పిరోష్కా."

కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. విల్మాయే తల తిప్పుకుని, "ఉండనివ్వండి" అంది.

ఆ దారి ఎన్నడూ అంత పొడుగు అనిపించలేదు. తన అడుగుల చప్పుడు తనకే వినిపిస్తోంది. పిరోష్కా ఆ సాయంత్రమే పోయినట్టు ఏడ్చాడు. అలమరలోంచి ఒక్క కప్పే తీశాడు.

మర్నాడు వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాడు. మంచు ఇంకా విడలేదు. తీతువులున్నాయి. వాటి మధ్య ఆ ఒంటరిది ఒంటికాలి మీద నిలబడి ఉంది. చెప్పడానికి ఎవరూ లేక అలాగే చూస్తూ ఉండిపోయాడు.

వెనక బురద చప్పుడైంది. మూడేళ్ళుగా విన్న చప్పుడే, అవే బూట్లు. సరిగ్గా అర అడుగు దూరంలో ఆగాయి. అంబ్రూష్ తిరగలేదు. తిరిగితే ఎవరూ ఉండరని అతనికి తెలుసు.

అప్పుడు వెనక ఎవరో చలికి ముక్కు ఎగబీల్చారు. బూట్లు ఎప్పుడూ ఆ పని చేయలేదు.

"ఎక్కడ?" అంది విల్మా. "త్వరగా చూపించండి. ఈవిడ బూట్లు నాకు వేళ్ళ దగ్గర పట్టేస్తున్నాయి."