నడిచొచ్చిన పండుగప్పలు

నూకాలు రోజూ తెల్లారేసరికి సముద్రంలో కలిసే గెడ్డ ఒడ్డుకెళ్ళి, వలవేసేవాళ్ళ దగ్గర పండుగప్ప చేపలు గంపకెత్తించుకుని, ఏడింటికల్లా మల్కాపురం సందుల్లో కేకేసేది. నలభై ఏళ్ళుగా ఆవిడ గొంతు విన్నాకే అక్కడి ఇళ్ళల్లో మసాలా నూరడం మొదలయ్యేది.

రెండువేల మూడులో, వానాకాలం, గెడ్డ పక్కనున్న చేపల పరిశోధన కేంద్రంలో తొట్లు పొంగి అక్కడి చేపలు గెడ్డలో కలిశాయి. నెల తిరక్కుండా వాటి పిల్లలు నాలుగేసి పొట్టి కాళ్ళతో గట్టెక్కి, నూకాలు వెనకాల వరసగా నడవసాగాయి. సందులో జనం సైకిళ్ళు పక్కకి జరిపి దారిచ్చారు. ఆ సందులోనే ఉండే నాగమణి మాత్రం, కాళ్ళు తీసేసి తూస్తావా, కాళ్ళతోనే తూస్తావా అని బేరం పెట్టింది.

నూకాలు నాగమణి ఇంటి అరుగు మీద కత్తిపీట వేసింది. ముందున్న చేప గోనెపట్టా మీద కాళ్ళు తుడుచుకుని, మెట్టెక్కి, ఎదురుగా ఒద్దికగా నిలబడింది. నూకాలు చెయ్యి ఆడలేదు. నాగమణి కూడా మొహం తిప్పుకుని, గంపలోంచి కాళ్ళు లేనిదాన్ని తీసిమ్మంది.

చేపల్ని లెక్కపెట్టడానికి కేంద్రం నుంచి అర్జునరావనే కుర్ర శాస్త్రవేత్త వచ్చాడు. తొందరగా పెరగాలని వాటికి ఓ జన్యువు ఎక్కిస్తే అది కాళ్ళ వైపు తిరిగిందట. చేప గట్టెక్కడానికి సృష్టికి కోట్ల ఏళ్ళు పట్టిందనీ, వీటికి ఒక్క వానాకాలం సరిపోయిందనీ చెప్పాడు.

"అయినా భయం లేదమ్మా. నడిచొచ్చి చేతికి చిక్కే చేప బతికి బట్టకట్టదు. రెండేళ్ళలో ఈ జాతే ఉండదు" అన్నాడు.

"ఇంటికొచ్చినోల్ని ఎలా కోత్తాం, బాబూ?" అంది నూకాలు.

అతను నవ్వేశాడు. కానీ ఆ వాడలో ఎవరూ కొయ్యలేదు. కాళ్ళు లేనివి పులుసులోకి వెళ్ళాయి. కాళ్ళున్నవి సాయంత్రానికి గెడ్డకి తిరిగెళ్ళి గుడ్లు పెట్టాయి. మూడో ఏటికి గెడ్డలో కాళ్ళు లేని పండుగప్ప ఒక్కటీ మిగల్లేదు. పరిణామక్రమానికి మొహమాటం కూడా ఒక కారణమని అర్జునరావు చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

అమ్మడానికి చేపల్లేక నూకాలు కూరగాయల దుకాణం పెట్టుకుంది. కేంద్రం వాళ్ళు అర్జునరావుని పిలిచి, కాళ్ళ చేపల్ని వారంలోగా తుదముట్టించమన్నారు. అతను చేపల్ని చంపే మందు సీసాతో గెడ్డ దగ్గరికెళ్ళాడు. పండుగప్పలన్నీ నీళ్ళలోంచి లేచొచ్చి, పెద్దవి వెనకా పిల్లలు ముందూ, అతని ముందు బారులు తీరాయి. అతను మూత తియ్యలేకపోయాడు. ఉద్యోగం ఊడింది.

మర్నాడు పొద్దున్నే నూకాలు దుకాణం ముందు చతికిలబడ్డాడు. తనకి ఇంకే పనీ రాదని గొణిగాడు. నూకాలు అతన్ని ఎగాదిగా చూసింది.

"సేపని సంపలేనోడివి, నీకా ఉజ్జోగం ఎందుకులే. నా దగ్గరుండు. వంకాయలేనా కొయ్యగలవా?" అంది.

అర్జునరావు గంపలోంచి ఓ వంకాయ తీసి, జాగ్రత్తగా తిరగేసి అడుగున కాళ్ళు లేవని చూసుకుని, కొయ్యగలనన్నాడు.