బుధు కోసం మేలుకున్న కనక

మానసిక ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగానికి చేరిన మూడో నెలలోనే డాలీకి పెద్ద కేసు దొరికింది. హుకుంపేట అవతల కొండమీది ఊళ్ళో కనక అనే తల్లి. ఏడాదిన్నర కిందట జ్వరంతో పోయిన తొమ్మిదేళ్ళ కొడుకు బుధు తిరిగొస్తాడని గుమ్మంలో కూర్చుని ఉంది. డాలీ క్షణం తడుముకోకుండా ఫారంలో "భ్రమ" అని రాసేసింది. సోషల్ వర్క్ చదివిన పిల్ల కదా, ఆ మాత్రం తెలీదూ!

మానసిక వైద్యుడు కృష్ణమూర్తి ఫోన్‌లో ఒక్కటే అడిగారు. "ఊళ్ళో మిగతావాళ్ళు ఏమంటున్నారమ్మా?"

డాలీ ఎవరినీ అడగలేదు. తల కొట్టేసినట్టయింది. మర్నాడు మళ్ళీ కొండెక్కింది.

కనక తోటికోడలు చిన్నమ్మి నిండు చూలాలు. వాకిట్లో కాఫీ గింజలు ఆరబోస్తూ నవ్వేసింది.

"రాక ఏటవుతాడు మేడమ్? పోయినోళ్ళు మా ఇళ్ళల్లోనే మళ్ళీ పుడతారు. మా పెద్దగుంట సూడు, సచ్చిపోయిన మా అత్తే." అంతలోనే గొంతు తగ్గించింది. "గానీ మేం తింటాం, సంతకెల్తాం. అక్క కూడు ముట్టదు, కన్ను ముయ్యదు. ఇలాగైతే ఎన్నాళ్ళు బతుకుతాది?"

డాలీ "భ్రమ" కొట్టేసి, తిండీ నిద్రా లేవని రాసింది. డాక్టరు కనకను చూసి మాత్రలిచ్చారు. కనక వాటిని ముట్టలేదు.

"ఇయ్యేసుకుంటే నిద్దరొత్తాదంట. నేను నిద్దరోతే, ఆడొచ్చి అమ్మా అంటే ఎవలు పలుకుతారు?"

డాలీ ఆ మాత్రలను గూట్లో పెట్టింది. ప్రతివారం వచ్చి పక్కన కూర్చునేది. బుధుకు పనసతొనలంటే ఎంత పిచ్చో, కోపమొస్తే ఏ చెట్టెక్కి కూర్చునేవాడో వినేది. కనక మాత్రం చిక్కి సగమైపోయింది.

చిన్నమ్మికి కొడుకు పుట్టాడు. పేరు పెట్టే రోజున ఊరిపెద్ద మంగ్లు నీళ్ళ గిన్నె ముందేసుకుని, పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెబుతూ రెండేసి బియ్యపు గింజలు వదిలాడు. ఏ పేరుకు గింజలు కలిస్తే వాళ్ళే తిరిగొచ్చినట్టు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే డాలీ, "ప్రభువా, బుధు పేరుకే కలవనీ" అని మనసులో ప్రాధేయపడింది.

బుధు పేరుకు గింజలు ఎడంగా ఉండిపోయాయి. పిల్లాడి తాత పేరుకు కలిశాయి. ఊరంతా కేకలు వేసి సంబరపడింది. కనక లేచి వెళ్ళిపోయింది. డాలీ ఆమె వెంట పరుగెత్తింది.

కనక తన గుమ్మంలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఓదార్చడానికొచ్చిన డాలీ కూడా ఆపుకోలేకపోయింది. చాలాసేపటికి కనక కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఈపాలి రాలేదు. ఇంకెన్నేళ్ళకొత్తాడో! అందాకా నేనుండాలి గదా మేడమ్. కొంచెం గంజి పొయ్యి. ఆ మాత్రలూ ఇలా తే."