మందు ఆపేది లేదు

వినోద తడిపిన తునికాకును కత్తెరతో కత్తిరించి చాటలో పేర్చుతోంది. తంబాకు పట్టి ఆమె బొటనవేలి గోరు పసుపెక్కింది. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టి చుట్టి వీపు కొంచెం ముందుకు వంగింది. ఇదివరకు నడింట్లోనే కూర్చునేది. కూతురు సాయిలతకు రక్తక్యాన్సరని తెలిశాక, దుమ్ము పాపకు తగలకూడదని వాకిట్లో రేకుల కిందికి మారింది. పాప కిటికీ చువ్వలు పట్టుకుని లోపలినుంచే కబుర్లు చెబుతుంది.

ఎల్లారెడ్డిలో ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచి వినోద ఎవరికీ ఎదురు చెప్పింది లేదు. దుబాయిలో ఉన్న భర్త తిరుపతి ఏది చెబితే అది. అత్త మంగవ్వ ఏది వండమంటే అది.

ఆ పొద్దున తిరుపతి ఫోను చేశాడు. పాప జన్యువుల్లోనే తేడా ఉందని పరీక్షలో తేలింది కదా, పుట్టుకతో వచ్చినదానికి మందేమిటి, ఇక హైదరాబాదు తిప్పొద్దు అన్నాడు. పక్కనే నిలబడి విన్న మంగవ్వ, వినోద తమ్ముడు పసితనంలో జ్వరంతో పోయిన సంగతి ఎత్తింది.

"మీ దిక్కు నెత్తురే గసొంటిది. పోరిని సూదులతోని ఎందుకు గోస పెడ్తవ్? ఇంట్లనే ఉండనియ్యి."

వినోద కత్తెర కింద పెట్టింది. హైదరాబాదు ఆసుపత్రిలో డాక్టరమ్మను ఆమె ఇదే అడిగింది, ఒక్కసారి కాదు. ఎముకల లోపలి మజ్జలో రక్తకణాలు తయారయ్యేచోట రెండు క్రోమోజోములు తెగి, దీని ముక్క దానికీ దాని ముక్క దీనికీ అతుక్కున్నాయనీ, అది తల్లి ఇచ్చిందీ తండ్రి ఇచ్చిందీ కాదనీ డాక్టరమ్మ చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. వినోదను ఇన్నాళ్లు నిలబెట్టింది ఆ మాటే.

"నా నెత్తురు కాదు, ఆయన నెత్తురు కాదు అత్తమ్మా. ఈ తీరు తేడా ఉన్న పిల్లలకు మందు మంచిగ పనిచేస్తదట. నడుమల ఆపితెనే పోరి దక్కది. నేను ఆప."

ఒళ్లో పడ్డ ఆకు ముక్కలు దులుపుకుని లేచింది.

"మొగడు వద్దన్నంక ఎట్ల పోతవ్?"

"బస్సుల పోత."

పోతే మళ్లీ ఈ గడప తొక్కొద్దంది మంగవ్వ. వినోద మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, చీర మార్చుకుని, బట్టలు సంచిలో సర్దింది. కామారెడ్డిలో అక్క స్వాతి ఉంది. అక్కడుంటే ఆసుపత్రికి రైలు అందుతుంది. బీడీలు ఎక్కడైనా చుట్టుకోవచ్చు.

తల్లి చేయి పట్టుకుని సాయిలత ఎండలోకి దిగింది. దారిలో ఎవరో ఆగి చూస్తే తనూ ఆగి వాళ్లను చూసింది. వాళ్లెక్కిన కామారెడ్డి బస్సు మూల తిరిగి కనబడకుండా పోయింది.

చుట్టాలొస్తే పాప బోడితల కనబడకుండా మంగవ్వ తొడిగించే ఎర్ర ఊలు టోపీ, తలుపు వెనక మేకుకు అట్లాగే వేలాడుతోంది.