కదిలిన గోడ

తిత్లీ తుపాను వెళ్ళిన నాలుగో రోజు మధ్యాహ్నానికి గానీ లక్ష్మణమ్మ ఫోనుకు సిగ్నల్ రాలేదు. వజ్రపుకొత్తూరు తీరాన ఆమె పేట పేటంతా తుపాను షెల్టరులోనే ఉంది. ఇంటి పైకప్పు ఎగిరి ఎక్కడ పడిందో కూడా తెలియదు. మొగుడు నూకయ్య ముక్కలైన బోటు దగ్గరికి వెళ్ళాడు.

కూతురు భారతి సముద్రజీవుల చదువు కోసం స్కాలర్‌షిప్పు మీద ఆగస్టులో నెదర్లాండ్స్ వెళ్ళింది. అక్కడ మేష్టర్లు కూడా సైకిళ్ళ మీదే వస్తారని, మధ్యాహ్నం చల్లటి రొట్టే తింటారని, తన గదికి పెద్ద కిటికీ ఉందని చెబుతుండేది. పరీక్షల ముందు పిల్లకు ఇల్లు పోయిన సంగతి తెలియకూడదని లక్ష్మణమ్మ ఒట్టు పెట్టుకుంది. వీడియో కాల్ మోగగానే, వెనక జనం కనబడకుండా గోడకు వీపు ఆనించి నిలబడింది.

“అమ్మా! మూడ్రోజుల నుంచి ఫోను కొడతన్నాను. ఇల్లేటయినాది?”

“ఏటవుద్ది? నాలుగు పెంకులెగిరినాయంతే. నాన్న బోటు కాడున్నాడు. నువ్వు తిన్నావా?”

“తిన్నాను. గదిలోనే ఉన్నాను.”

లక్ష్మణమ్మ చూపు కూతురి మొహం మీద లేదు. భారతి వెనక తెల్లగోడ ఉబ్బింది, లోపలికి పోయింది, మళ్ళీ ఉబ్బింది. గాలికి గుడ్డ ఎలా ఆడుతుందో తెరచాపల నడుమ పెరిగిన మనిషికి ఒకరు చెప్పాలా?

“ఒసే భారతీ, గోడేటే, ఊపిరి తీస్తన్నాది?”

భారతి నవ్వబోయింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైపోయింది.

గది ఎన్నడూ లేదు. ఆ ఊళ్ళో గదులకన్నా విద్యార్థులే ఎక్కువ. పైదేశం పిల్లలు మాకొద్దన్నారు కొందరు ఇంటివాళ్ళు. జవాబే ఇవ్వలేదు ఇంకొందరు. కొన్నాళ్ళు స్నేహితురాలి గదిలో నేల మీద పడుకుంది. ఇంటివాడు పొమ్మన్నాక, గది దొరకని వాళ్ళ కోసం యూనివర్సిటీ వేసిన ఈ గుడారంలో, మడతమంచాల వరుసలో చేరింది. తడిసిన బట్టలు ఆరవు. సూట్‌కేసు ఈడ్చుకుంటూనే క్లాసులకు వెళుతోంది. శుక్రవారం గుడారం కూడా ఎత్తేస్తారు.

“నా వల్ల కాదమ్మా. వచ్చేస్తాను. ఇంటికాడ ఓ మూల పడుంటాను.”

ఆ మూలే లేదు. చెబితే పిల్ల ఏమైపోతుందో, చెప్పకపోతే ఏ ఇంటికి వస్తుందో! లక్ష్మణమ్మ గోడవారనే కూలబడింది. చేతిలో ఫోను పక్కకు తిరిగింది. నేల మీద పడుకున్న ముసలివాళ్ళు, అన్నం డేగిసా చుట్టూ తోసుకుంటున్న జనం, అంతా భారతికి కనబడింది.

“అమ్మా... మనిల్లు?”

“నేదే అమ్మా. గోడలు కూడా నేవు. బోటు నేదు.”

ఇద్దరూ ఏడ్చారు. చివరికి లక్ష్మణమ్మే కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఇను. ఇక్కడికొస్తే ఈ నేల మీదే. అక్కడి నేల మీద సదువైనా ఉన్నాది. సిగ్గిడిసి అడుగు. మీ మేష్టర్నడుగు.”

“అందర్నీ అడిగీసినానమ్మా.”

“మళ్ళీ అడుగు.”

సిగ్నల్ పోయింది.

శుక్రవారం భారతి ప్రొఫెసరు గది ముందు సూట్‌కేసు దించి, మాట పూర్తిచేయలేక ఏడ్చేసింది. ఆ దారిన వెళుతున్న ల్యాబ్ ఉద్యోగిని ఒకావిడ ఆగి సంగతి కనుక్కుని, తన ఇంటి అటక మీది గది ఇస్తానంది. అదీ డిసెంబరు దాకానే.

ఆ కబురు అందేసరికి పేట ఇంకా షెల్టరులోనే ఉంది. లక్ష్మణమ్మ నూకయ్యకు చెప్పింది.

“డిసెంబరు తరవాతేటే?” అన్నాడతను.



“ముందు తిను మావా,” అంటూ చల్లారిన అన్నం అతని ముందుకు జరిపింది.