కొత్తవాళ్లకు బేసిక్

బాలమణి కీబోర్డును తలకిందులు చేసి అరచేత్తో తట్టింది. బిస్కెట్ పొడి, రెండు వెంట్రుకలు బల్లమీద రాలాయి. మేడ్చల్ బస్టాండు దగ్గర, ఎరువుల దుకాణం పైన ఉన్న ఆ కంప్యూటర్ సెంటర్‌లో ఆమె రోజు ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది.

ఆ రోజు మాత్రం చేతులు నిదానంగా కదులుతున్నాయి. వేసవి బ్యాచ్‌కు కంప్యూటర్ భాషల్లో బేసిక్ చెప్పాలా, జావా చెప్పాలా అన్నది సాయంత్రానికి తేలుస్తానని యజమాని శ్రీనివాస్ అన్నాడు. ఆమెకు జావా రాదు. అదే ఖాయమైతే అమీర్‌పేట నుంచి వేరే మనిషి వస్తాడు.

గౌడవెల్లిలో కూలికి పోయే సిద్దయ్య కూతురు ఆమె. ఇంట్లో మొదటి డిగ్రీ ఆమెదే. కాలేజీలో మొదటి రోజే సి భాష ముందు కూర్చోబెట్టారు. వరుస చివర ఒక్క సెమికోలన్ మరిచిపోతే తెరనిండా తప్పులు వచ్చాయి. పక్కవాళ్లు నవ్వారు. మళ్లీ మీటల మీద చెయ్యి వేయడానికి నెలలు పట్టింది. అందుకే కొత్తవాళ్లకు ఆమె బేసిక్ తప్ప మరొకటి చెప్పలేదు.

మధ్యాహ్నం కూతురి చదువు సంగతి అడగడానికి కొంపల్లి నుంచి దుర్గాబాయి వచ్చింది.

“ఇంట్ల కంప్యూటర్ కొన్నం మేడం. మా వర్షకు ఏం నేర్పుతరు?”

“మొదలు బేసిక్.”

“గది చిన్నపిల్లలదంట గదా. మా పక్కింటి పోరి జావా నేర్చుకుంటాంది. అప్పటిసంది వాళ్లమ్మ నడకనే మారింది.”

బాలమణి నవ్వి, ఆమెనే కుర్చీలో కూర్చోబెట్టింది. బేసిక్‌లో ప్రతి వరుసకూ ముందు ఒక నంబరు వేయాలి, కంప్యూటర్ ఆ నంబర్ల క్రమంలోనే చూపిస్తుంది. పదో నంబరు వరుసలో దుర్గాబాయి తన పేరు, ఇరవైలో ఊరి పేరు ఒక్కొక్క అక్షరమే వెతికి కొట్టింది. రెండూ తెరమీదికి వచ్చాయి.

“అయ్యో, పిల్ల పేరు మరిచిన.”

“పదికి ఇరవైకి నడుమ జాగ ఉంచినం గదమ్మా. పదిహేనుల పెట్టుండ్రి.”

వర్ష పేరు సరిగ్గా నడుమ వచ్చి నిలిచింది. దుర్గాబాయి చాలాసేపు లేవలేదు. లేచాక కొంగు సర్దుకుంది.

“మస్తుగుంది మేడం. నాకైతే గిదే చెప్పుండ్రి. పిల్లకు మాత్రం జావానే.”

గుమ్మంలో నిలబడి శ్రీనివాస్ అంతా విన్నాడు. సాయంత్రం ఆమె ఎదుట కూర్చున్నాడు.

“నీది తప్పు గాదు బాలమణీ. బేసిక్ అని బోర్డు పెడితే ఎవ్వలు మెట్లెక్కుతలేరు.”

ఆమె మానిటర్లకు తొడుగులు వేసింది. తాళాలు బల్లమీద పెట్టింది.

“వచ్చేటాయనను మొదటి రోజు జర మెల్లగ చెప్పమనుండ్రి సార్,” అని మెట్లు దిగిపోయింది.

సోమవారం కొత్త మాస్టారు బోర్డు నిండా రాస్తూ పోయాడు. నేలకు అందని వర్ష కాళ్లు కాసేపు గాలిలో ఊగి, చీకట్లో దేనిమీదో ఆనాయి. పొట్టి పిల్లల కోసం బాలమణి ఎప్పుడో తెచ్చి బల్లకింద పెట్టిన చెక్కపీట అది.