తిండి కాదని చెప్పే కర్ర

నేను ఒక కొక్కెం కర్రని. పుట్టడం మాత్రం గోల్ఫ్ కర్రగా పుట్టాను. విశాఖపట్నంలో ఒక పెద్ద అధికారి నాతో బంతిని కొట్టింది తక్కువ, గడ్డి పెళ్లగించింది ఎక్కువ. తప్పు నాదేనని విసిరేశాడు. పాత సామాన్ల కొట్టు నుంచి గాజువాక వెల్డింగ్ షాపుకి చేరాను. అక్కడ నా తల కోసి, కొక్కెం అతికించి, కాత్యాయని చేతికిచ్చారు.

కాత్యాయని ఫిజియోథెరపిస్టు. తమ్ముడు కిరీటి ఆమె దగ్గరే ఉండేవాడు. వాళ్లతోపాటు బంగారి. మనిషి పొడవును మించిన బోవా. విషం లేని విదేశీ పాము. గోడ పొడవునా ఉన్న అద్దాల పెట్టె దాని ఇల్లు.

తిండి రోజున నాతో పని లేదు. చచ్చిన ఎలుకను పటకారుతో అందించేవారు. మిగతా రోజుల్లో, చెయ్యి లోపల పెట్టేముందు, కాత్యాయని నాతో బంగారి వీపును మెల్లగా తాకేది. వచ్చేది తిండి కాదు, ఆమె చెయ్యి అని దానర్థం. బంగారి ఒళ్లు సడలించి ఆమె మోచేతికి చుట్టుకునేది. చూడవచ్చినవాళ్లు జడుసుకుంటే, "నన్నెందుకు కరుస్తుంది? నేను దానికి తెలుసు" అని నవ్వేది.

ఒకసారి శిక్షణకని ఆమె కొన్ని వారాలు పుణె వెళ్లాల్సి వచ్చింది.

"ఒరే కిరీటీ, కర్ర తాకించాక తిండి పెట్టకు. చేత్తో అసలు పెట్టకు."

"నాకు తెలీదా అక్కా!"

ఆమె రైలెక్కగానే వాడి స్నేహితులు దిగారు. పాము కదలకుండా పడుకుంటే వీడియో ఏం బాగుంటుంది? కిరీటి నాతో పొడిచి లేపి, ఎలుకను తోక పట్టుకుని చేత్తో ఆడించాడు. ఈలలు మోగాయి. ఆమె తిరిగొచ్చేదాకా తిండి పెట్టిన ప్రతిసారీ అదే తంతు. నా మాటకి అర్థం మార్చేశాడు. నాకు నోరు లేదు.

"చెప్పినట్టే చేశావుగా?" అంది కాత్యాయని వస్తూనే.

"అచ్చం అలాగే."

నన్ను అందుకుని బంగారిని తాకింది. చెయ్యి చాచింది. మరుక్షణం ఆమె మణికట్టు దాని నోట్లో ఉంది. ఒళ్లంతా మోచేతికి చుట్టి బిగించేసింది. కిరీటి పరుగున వచ్చి, తోకవైపు నుంచి చుట్లు విప్పి, నోరు వదిలేదాకా చన్నీళ్లు పోశాడు.

"నన్నేనా? నన్నే కరిచావా?" అంటోంది ఆమె, రక్తం కారుతున్న చేత్తో.

"ఎంత ప్రేమగా పెంచావక్కా! చూడు, నీకేం చేసిందో," అన్నాడు కిరీటి.

కుట్లు మానకముందే బంగారినీ నన్నూ అనకాపల్లిలో పాముల్ని సాకే బషీర్ గారికి ఇచ్చేసింది. వెళ్తూ పెట్టెవైపు తిరిగి చూడలేదు.

కొన్నాళ్లకి మళ్లీ వచ్చింది. ఎవరో పంపిన వీడియో ఫోన్లో చూపించింది. అందులో నేను, బంగారి, కిరీటి చెయ్యి. "మా తమ్ముడు," అంది.

"దాని తప్పేం లేదమ్మా. తీసుకెళ్తారా?" అన్నారు బషీర్ గారు, పెట్టె తెరిచి.

ఆమె చెయ్యి చాచింది. బంగారి తల ఎత్తి నాలుక ఆడించింది, అంతే. ఆ చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. మళ్లీ చాచింది. మళ్లీ వచ్చేసింది.

"ఇక నావల్ల కాదండీ," అంది.

"తమ్ముడేమన్నాడు?"

"సరదాకి చేశానన్నాడు. కుట్లు వేస్తుంటే నా రెండో చెయ్యి వాడే పట్టుకున్నాడండీ. ఏం కాదక్కా, ఏం కాదక్కా అంటూ."

బషీర్ గారు పెట్టె తలుపు మూశారు.