ఆదివారం పది నిమిషాలు

పద్దెనిమిది నిండితే ప్రభుత్వ బాలికల హోమ్‌లో ఉండనివ్వరు. ఆ సంగతి పెద్దక్కకి ఎప్పట్నుంచో తెలుసు. తెలియనిదల్లా బుడిగికే.

ఇద్దరూ సొంత అక్కచెల్లెళ్లు. అమ్మ పోయాక నాన్న పని వెతుక్కుంటానని వెళ్లి మళ్లీ రాలేదు. అప్పుడు అక్కకి పదకొండు, చెల్లికి మూడు. హోమ్‌లో పిల్లలందరూ అక్కని ‘పెద్దక్కా’ అనేవాళ్లు గానీ, ఆ పిలుపు మీద అసలు హక్కుదారు తనేనని బుడిగి రోజుకోసారైనా ఎవరితోనో ఒకరితో తగువు పెట్టుకునేది. పొద్దున్నే అక్క జడ వేస్తేనే బడికి కదిలేది. ఇంకెవరైనా దువ్వెన పట్టుకొస్తే మంచం కిందికి దూరేది.

అక్కకి ఇంకో రెండు నెలల్లో పద్దెనిమిది నిండుతాయనగా సంక్షేమ శాఖ ఆఫీసరమ్మ ఒక దరఖాస్తు పట్టుకుని వచ్చింది.

“హోమ్‌ల నుంచి బయటికెళ్లే పిల్లలకి ప్రభుత్వం కొన్ని అప్రెంటిస్ సీట్లు కేటాయించింది. వడ్రంగం పనిలో ఒకటి ఖాళీ ఉంది. రెండేళ్లు నేర్పుతారు, స్టైపెండ్ ఇస్తారు, ఉండటానికి హాస్టల్. ఎల్లుండే ఆఖరు.”

“ఈ ఊళ్లోనేనా మేడమ్?”

“కాదు. బస్సులో ఆరు గంటలు.”

పెద్దక్క కాగితం వెనక్కి జరిపింది. “చెల్లిని వదిలి వెళ్లలేను.”

“దాన్ని నీతో తీసుకెళ్లాలంటే నీకు ఇరవై ఒకటి నిండాలి. ఉద్యోగం ఉండాలి, గది ఉండాలి. ఏదో ఒక షాపు ఊడ్చుకుంటూ ఇక్కడే ఉంటే ఆ రెండూ ఎప్పటికి రావాలి? ఆలోచించుకో. ఆ రోజు వస్తే నేనే సంతకం పెడతా.”

రెండు రోజులు ముద్ద దిగలేదు పెద్దక్కకి. మూడో రోజు దరఖాస్తు నింపింది. తండ్రి లేదా సంరక్షకుల సంతకం అన్నచోట ఆగిపోతే ఆఫీసరమ్మే పెన్ను లాక్కుంది. “ఇవాళ్టికి నేనే మీ నాన్నని” అంటూ సంతకం గీకేసింది.

బయల్దేరే రోజు బుడిగి ఏడవలేదు. అదే పెద్దక్కని భయపెట్టింది.

“మూడేళ్లు ఓపిక పట్టవే. గది తీసుకుని నిన్ను తీసుకెళ్లిపోతా.”

“మూడేళ్లంటే ఎన్ని ఆదివారాలు?”

“నూట యాభై పైనే.”

“అన్ని ఆదివారాలా?” అంది బుడిగి.

వర్క్‌షాపులో బడి బల్లలు, తలుపులు, మంచాలు చేసేవాళ్లు. మేస్త్రీ మితభాషి. మొదటి రెండు నెలలు ఉలులు నూరించాడు, చెక్క నున్నబడేదాకా ఉప్పుకాగితం రుద్దించాడు. పెద్దక్క అరచేతులు బొబ్బలెక్కి, పగిలి, గట్టిపడ్డాయి. మొదటిసారి చిత్రిక చేతికిచ్చినప్పుడు చెక్క పెళ్లలుగా లేచిపోతుంటే మేస్త్రీ వచ్చి పక్కన నిలబడ్డాడు.

“దాంతో పోట్లాడకమ్మా. చెక్కలో చార ఎటు పోతోందో చూసి, అటే పట్టు.”

తతిమ్మా అప్రెంటిస్‌లు సాయంత్రం కాగానే ఇళ్లకి పరిగెత్తేవాళ్లు. ఒకడికి వాళ్లమ్మ క్యారేజీ కట్టేది, ఇంకొకణ్ణి వాళ్లన్న బండి మీద దింపేవాడు. పెద్దక్కకి వారమంతా ఒక్క ఆదివారం కోసమే. సాయంత్రం నాలుగింటికి హోమ్ ఆఫీసుకి ఫోన్ చేస్తే బుడిగిని పిలిచేవాళ్లు. పది నిమిషాలు. అందులో సగం ఆ పిల్ల అలక తీర్చడానికే సరిపోయేది.

మొదటి ఏడాది చివర మేస్త్రీ మిగులు టేకు ఇచ్చి, ఎవరికి నచ్చింది వాళ్లు చేసుకోమన్నాడు. పెద్దక్క మంచం మొదలుపెట్టింది.

“ఎవరికి?”

“మా చెల్లికండీ.”

“ఎంత పొడుగుంటుంది?”

పెద్దక్క తన రొమ్ము దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. మేస్త్రీ టేపుతో కొలిచి, దానికి రెండు జానలు కలిపి గీత గీశాడు. “పిల్లలు మనం అనుకున్నంతలోనే ఆగరమ్మా” అన్నాడు.

ఆ ఆదివారమే బుడిగి ఫోన్‌లో ఎగిరి గంతేసినంత పని చేసింది. “అక్కా! నన్ను ఒకళ్లింటికి పంపుతున్నారు. అక్కడ పిన్ని బట్టలు కుడుతుందంట. బాబాయి బస్సు కండక్టర్!”

పిల్లల్లేని దంపతులు. ప్రభుత్వం తరఫున బుడిగిని పెంచడానికి ఒప్పుకున్నారు. మంచిదేగా, పెద్దక్క కూడా అదే అంది. ఆదివారం ఫోన్ ఇక ఆ ఇంటికి మారింది. కానీ వారాలు గడిచేకొద్దీ అలకలు తగ్గాయి, కబుర్లూ తగ్గాయి. ఓ ఆదివారం, “పిన్ని నా జుట్టు పొట్టిగా కత్తిరించేసింది. ఎంత తేలిగ్గా ఉందో!” అంది బుడిగి. ఫోన్ పెట్టేశాక పెద్దక్క చాలాసేపు తన వేళ్లు చూసుకుంటూ కూర్చుంది. ఆ వేళ్లకి ఆ జడ పాయలు ఇంకా గుర్తున్నాయి.

రెండేళ్లు పూర్తయ్యాయి. సర్టిఫికెట్ వచ్చింది, అదే వర్క్‌షాపులో ఉద్యోగమూ ఇచ్చారు. ఇరవై ఒకటి నిండగానే ఇస్త్రీ దుకాణం పైన ఒక గది అద్దెకు తీసుకుని ఆ టేకు మంచం అందులో వేసింది. ఆఫీసరమ్మ మాట తప్పలేదు. ఆరు గంటలు బస్సులో వచ్చి గది చూసి, “గాలీ వెలుతురూ ఉన్నాయి. ఇంకేం కావాలి?” అని చెల్లిని అప్పగించే కాగితం సిద్ధం చేసింది.

పెద్దక్క తిరుగు ప్రయాణానికి రెండు సీట్లు ముందే రిజర్వ్ చేయించుకుని, ఆఫీసరమ్మని వెంటబెట్టుకుని బుడిగి ఉంటున్న ఇంటికి వెళ్లింది. తలుపు తీసింది బుడిగే. అక్క చెవి దాకా ఎదిగింది. గట్టిగా వాటేసుకుంది. తన బల్ల చూపించింది, లెక్కల్లో మార్కులు చూపించింది, పక్కింటి స్నేహితురాల్ని పిలిచి “మా అక్క, తలుపులు చేస్తుంది” అని గొప్పలు పోయింది. పిన్ని అనే ఆవిడ కుట్టుమిషన్ వెనకాల తల దించుకునే ఉంది.

“నీ చెల్లెలమ్మా. తీసుకెళ్తానంటే నేనెవర్ని కాదనడానికి?” అంది. దారం సూదిలోకి ఎంతకీ ఎక్కడం లేదు ఆవిడకి.

మెట్ల మీద ఇద్దరే ఉన్నప్పుడు బుడిగి అడిగింది. “అక్కా, నేను రాకపోతే నీకు కోపమొస్తుందా?”

పెద్దక్క చెల్లి జుట్టు చెవి వెనక్కి దోపింది. “రాదే” అంది.

“నిజంగా?”

“ఏడుపొస్తుంది. కోపం రాదు.”

ఆ మాటకి బుడిగే ముందు ఏడ్చింది. ఏడుస్తూనే సెలవులన్నీ అక్క దగ్గరేనని ఒట్టేసింది. ఆఫీసరమ్మ ఆ ఒట్టునే కాగితం మీద రాసి ఇద్దరిచేతా, ఆ దంపతులచేతా సంతకాలు పెట్టించింది. వేసవి సెలవులు ఇంకా నాలుగు నెలలున్నాయి.

బస్సులో పెద్దక్క కిటికీ పక్కన కూర్చుని రెండో సీట్లో సంచీ పెట్టుకుంది. ఎవరో వచ్చి, “ఇక్కడ మనిషున్నారా?” అని అడిగితే ఉన్నారంది. రెండు స్టాపులు దాటాక ఒక ముసలావిడ ఎక్కి, నిలబడలేక ఊగిపోతుంటే సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది.

“కూర్చోండి పెద్దమ్మా.”

ఆవిడ చతికిలబడి, ఊపిరి తీసుకుని, పలకరింపుగా అడిగింది. “ఒక్కదానివేనా అమ్మా?”

“కాదండీ,” అంది పెద్దక్క. “చెల్లెలుంది. చదువుకుంటోంది.”